చలిని కాపాడే గొట్టం

జెనీవా సమీపాన, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల వలయాకారపు సొరంగంలో నెలకొన్న లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌ను తలచుకున్నప్పుడు హిగ్స్ కణమే అందరికీ గుర్తుకొస్తుంది గాని, అయస్కాంతాల పక్కనే సాగే హీలియం సరఫరా గొట్టం ఎవరికీ గుర్తుకురాదు. అయితే యంత్రంలోని 1,232 ప్రధాన అయస్కాంతాల్లో ఉన్న నియోబియం-టైటానియం తీగచుట్టలు భారీ విద్యుత్తును నిరోధం లేకుండా మోయాలంటే వాటిని 1.9 కెల్విన్ వద్ద, అంటే మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాలి; ఆ భారమంతా ఈ గొట్టానిదే.

హీలియాన్ని చల్లబరచే యంత్రాగారాలు వలయం పొడవునా ఉండవు. ఒక్కొక్కటి దాదాపు 3.3 కిలోమీటర్ల భాగానికి చలువను అందించాలి. అందుకే ఒకే శూన్యపు తొడుగులో, అంటే గాలిని తోడేసిన పెద్ద గొట్టంలో, పలు గొట్టాలను అమర్చారు: ఒకటి 4.6 కెల్విన్ వద్ద ఉన్న హీలియాన్ని తీసుకువెళ్తే, అన్నిటికన్నా లావైనది అయస్కాంతాల దగ్గర ఆవిరైన హీలియాన్ని వాతావరణ పీడనంలో సుమారు అరవయ్యో వంతు పీడనంతో వెనక్కి తెస్తుంది. అంత పలుచని ఆవిరి సాఫీగా ప్రవహించాలంటే దారి విశాలంగా ఉండక తప్పదు. ప్రతి 107 మీటర్లకు ఒక అడ్డగొట్టం ఈ సరఫరా గొట్టాన్ని అయస్కాంతాలతో కలుపుతుంది.

అసలు పనితనం వేడిని లోపలికి రానివ్వకపోవడంలో ఉంది. 1.8 కెల్విన్ వద్ద చేరిన ఒక్క వాట్ వేడిని తొలగించడానికి నేలపైన దాదాపు 1,000 వాట్ల విద్యుత్తు ఖర్చవుతుంది గనుక, అల్యూమినియం పూసిన పల్చని పాలిస్టర్ పొరలను ఒకదానిపై ఒకటి చుట్టి, వేడిని అతి తక్కువగా ప్రసరింపజేసే మిశ్రమ పదార్థాలతో లోపలి ఆధారాలను తయారు చేస్తారు. చల్లబడినప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ మీటరుకు సుమారు 3 మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది, 3.3 కిలోమీటర్లకు అది 10 మీటర్లవుతుంది. ఆ కుదింపునకు తావిచ్చేవి బెల్లోస్ అనే ముడతల గొట్టాలు. నీటిని ఆపగలిగిన వెల్డింగ్ అతుకు హీలియాన్ని ఆపలేకపోవచ్చు కాబట్టి, ఈ నిర్మాణంలో సిద్ధాంతవేత్తకు దక్కే గౌరవంలో సగభాగమైనా వెల్డరుకు దక్కడం న్యాయం.

2004లో లోపలి ఆధారాల్లో లోపాలు బయటపడి గొట్టం అమరిక ఆగిపోయింది. అప్పటికే సొరంగంలో బిగించిన భాగాలను సైతం విప్పి, బాగుచేసి, తిరిగి అమర్చవలసి వచ్చింది. గడువు తరుముతున్నా లోపాన్ని లోపల దాచి మూతవేయకుండా విప్పదీయడమే సరైన నిర్ణయం, ఎందుకంటే అతిశీతల గొట్టంలో మిగిలిపోయిన లోపం యంత్రం చల్లబడిన తరువాతే బయటపడుతుంది, అప్పుడు దానిని సరిచేయాలంటే మళ్లీ ఆ భాగాన్నంతా వెచ్చబరచాలి. 2007 ఏప్రిల్‌లో మొదటి 3.3 కిలోమీటర్ల భాగం 1.9 కెల్విన్‌కు చేరింది.