మత్తును కొలుచు అంకె - తెలివి తప్పిన రోగి

తలకు పెద్ద దెబ్బ తగిలి, నెలల తరబడి పిలిచినను పలుకక మంచముపై నున్న రోగికి శస్త్రచికిత్స చేయునపుడు మత్తుమందు అవసరమా? ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని ఇట్టివారికి శస్త్రచికిత్సలు అరుదు కావు. వాపు తగ్గుటకై తీసియుంచిన పుర్రె ఎముకను తిరిగి అమర్చుట, మెదడులో నిలిచిన నీటిని గొట్టము ద్వారా పొట్టలోనికి మళ్ళించుట, పడక పుండ్లను శుభ్రము చేయుట మొదలైనవి తరచు అవసరమగును. మత్తు ఈయవలసినదే, అందు సందేహము లేదు. ఎంత ఇచ్చిన చాలునో తెలియుట ఎట్లన్నదే చిక్కు.

తక్కిన రోగుల విషయమున ఈ చిక్కునకు ఆపరేషన్ గదిలో ఒక పరికరము సిద్ధముగా నున్నది. నుదుటిపై అంటించిన పట్టీ మెదడు విద్యుత్తరంగములను గ్రహించును. యంత్రము వానిని లెక్కగట్టి 0 నుండి 100 వరకు ఒక అంకెను చూపును. దీనిని 'బిస్' అందురు. 1996లో అమెరికా ప్రభుత్వము దీని వాడకమునకు అనుమతించినది. నూరునకు చేరువైన మెలకువ; 40కిని 60కిని నడుమ నున్న మత్తు తగినంత యని లెక్క. ఊహ పాతదే. యేనా నగరమున హాన్స్ బెర్గర్ మానవుని మెదడు తరంగములను 1929లో ప్రకటింపగా, 1937 నాటికే అమెరికాలో గిబ్స్ దంపతులు, లెనాక్స్ మత్తు లోతును వానితో కొలువవచ్చునని సూచించిరి. ఆ తరంగములను వైద్యుడు తానే చదువవలెనని అప్పటి తలంపు. ఇప్పుడు యంత్రమే చదివి మార్కు వేయుచున్నది. మార్కులన్న మనకు గల మక్కువ తెలిసినదే గదా!

మన ఆక్షేపణ ఈ మార్కుపైననే. దీని సూత్రము ప్రధానముగా మెదడు జబ్బులు లేని పెద్దలకు మత్తిచ్చి సేకరించిన లేఖనముల నుండి తీయబడినది. వారి విషయముననే అది ఒక్కొక్కప్పుడు తడబడును. కెటమీను ఇచ్చినచో రోగి మత్తులో నున్నను అంకె దిగదు. దీనికి విరుద్ధమైన ప్రయోగము 2003లోను, 2015లోను జరిగినది. మెలకువగా నున్న స్వచ్ఛంద సేవకులకు మత్తు ఏమియు ఈయక, కండరములను స్తంభింపజేయు మందు మాత్రమిచ్చి చూచిరి. వారి తెలివి చెక్కు చెదరలేదు. అంకె మాత్రము కొందరిలో గాఢమైన మత్తు స్థాయికి దిగిపోయెను. నుదుటి కండరముల విద్యుత్తును కూడ యంత్రము మెలకువ ఖాతాలో వేయుచున్నదన్నమాట.

సమర్థించువారు 2004 నాటి పరిశోధనను చూపుదురు. మెలకువ వచ్చు ప్రమాదము ఎక్కువగా గల 2463 మందిని పరిశీలింపగా, పరికరము వాడినవారిలో ఇద్దరికి, వాడనివారిలో 11 మందికి నడుమ మెలకువ వచ్చినట్లు తేలెను. 2011లో సుమారు 6000 మందిపై జరిగిన మరియొక పరిశోధనలో, ఊపిరిలోని మత్తు ఆవిరిని కొలుచుట కంటె ఇది మేలని రుజువు కాలేదు. వీనిలో ఏది నెగ్గినదన్నది ఇచ్చట ముఖ్యము కాదు. మెలకువను కనుగొన్న విధమేమి? రోగి లేచిన పిదప అడిగి! నిద్రకు ముందు చివరగా గుర్తున్నదేమి, లేచిన తరువాత మొదట గుర్తున్నదేమి, నడుమ ఏమైన గుర్తున్నదా అని అడుగుదురు. ముందును పిదపను నోరు మెదపలేని రోగికి ఈ లెక్కలో చోటు లేదు. అతనికి కత్తిగాటు తెలిసినను పట్టికలో సున్నయే.

అతని అంకె మత్తుకు ముందే తక్కువగా నుండవచ్చును. బెల్జియములోని లియేజ్ పరిశోధకులు 2008లో, మత్తు ఈయని ఇట్టి రోగులను బిస్‌తో పరీక్షించి, 50 అను గీత తెలివి గలవారిని లేనివారిని చాలవరకు వేరుపరచునని కనుగొనిరి. కాని నలుగురిలో ఒకరి విషయమున ఆ గీత తప్పినది. అనగా తెలివి యుండియు 50కి దిగువ నున్నవారు కలరు. చుక్క మత్తైనను పడకముందే వారిని చూచి యంత్రము 'మత్తు చాలును' అనును!

ఇట్టివారు కొద్దిమందియే యని తోసివేయుటకు వీలులేదు. 2009లో ఆ పరిశోధకులే, వైద్యులు తెలివి లేదని తేల్చిన 44 మందిని పద్ధతి ప్రకారము తిరిగి పరీక్షింపగా 18 మందిలో తెలివి జాడలు కనబడెను. 2024లో ప్రకటించిన పరిశోధనలో, పైకి ఏ ఆజ్ఞకును స్పందింపని 241 మందిలో 60 మంది మెదడులు చెప్పిన పనిని ఊహించి చూపినవి. గుండె వేగము, రక్తపుపోటు చూచి బాధను గ్రహింతుమన్నను, తెలివి లేకున్నను అవి కేవలము ప్రతిచర్యలుగా పెరుగగలవు.

కనుక మత్తుకు ముందే ఆ రోగి తరంగములను వ్రాసి యుంచుకొని, తరువాతి మార్పును దానితోనే పోల్చవలెను. పుర్రె ఎముక తీసిన చోట తరంగములు పెద్దవిగా కనబడును. పట్టీని అంటించునపుడు ఆ సంగతి మరువరాదు. అంకెను ప్రక్కనుంచి తరంగములనే చూచుట నేర్వవలెను. తెలివి లేదను ధీమాతో మాత్రము మత్తు తగ్గింపరాదు.

ఈ దారిలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు బ్లేన్-మొరేస్ బృందము 2016లో ప్రకటించిన ఒక రోగి వృత్తాంతము గమనింపదగినది. స్పందన లేని ఆ రోగికి ప్రొపొఫాల్ ఇచ్చినపుడు, మెదడు భాగముల నడుమ సంబంధములు ఆరోగ్యవంతునిలో వలెనే మారినవి. తరువాత ఆ రోగి తెలివిలోనికి వచ్చెను. ఒక్క రోగితో సిద్ధాంతము నిలువదు. పైగా ఆ మార్పు నుదుటి పట్టీలోని నాలుగు బిళ్ళలకు అందునది కాదు. తల యంతటను ఎలెక్ట్రోడులు అమర్చి చూడవలెను.