పట్టికకు ఒదగని మాటలు: హైందవ పారిభాషిక పదాలకు మనం చెప్పుకునే అర్థాలు

మతాల తులనాత్మక పరిశీలన పేరిట తెలుగులో వెలువడే పుస్తకాలలో చాలావాటికి చివర ఒక పదాల పట్టిక ఉంటుంది. ఎడమవైపు హైందవ పదం; కుడివైపు దానికి సమానార్థకమని రచయిత భావించిన ఇస్లామీయ పదం, లేదా ఒక్క వాక్యంలో నిర్వచనం. ధర్మం అంటే దీన్. అవతారం అంటే దేవుడు మనిషిగా పుట్టడం. విగ్రహం అంటే సనమ్. ప్రపత్తి అంటే ఇస్లామే. పాఠకునికి ఇది సులువుగా ఉంటుంది, గ్రంథకర్తకు మరీ సులువు. అయితే ఈ పట్టికలను నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలో నాలుగు రోజులు వాడి చూస్తే ఎక్కడికక్కడ మొరాయిస్తాయి. నవనందులు, నవనారసింహులు, శైవం, శ్రీవైష్ణవం, చెంచులు, దర్గాలు అన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న నేల అది. ఈ పదాలు అక్కడ పుస్తకాలలో కంటె జనం నోట ఎక్కువగా బ్రతుకుతున్నాయి. అందుచేత పరీక్షకు ఆ ప్రాంతాన్నే తీసుకుంటున్నాం.

ముందుగా ధర్మం. మహానంది గుడి మెట్ల మీద బిచ్చగాడు ‘ధర్మం చేయండి’ అంటే అది దానం. గుడి వ్యవహారాలు చూసేవాడు ధర్మకర్త. రుసుము పుచ్చుకోనిది ధర్మాసుపత్రి. కన్నవారిని పోషించడం కొడుకు ధర్మం. నిప్పుకు కాల్చడం ధర్మం. వీటిలో ఏ ఒక్కచోటనైనా ‘దీన్’ను తెచ్చి కూర్చోబెట్టగలమా? ‘హిందూ ధర్మం’ అన్న సమాసంలో ఒక్కచోట ఆ అర్థం కొంతవరకు సరిపోతుంది, అంతే. ఆ వాడుక కూడా మత విభాగాలను లెక్కకట్టే అవసరం పెరిగిన తరువాత బలపడినదే. ఇది చిన్న విషయం, ఇంతటితో వదిలేద్దాం.

విగ్రహం సంగతి అలా వదలడానికి వీలులేదు. ఇరుపక్షాల మధ్య పోట్లాట అంతా ఆ మాట చుట్టూనే.

ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధి చెందిన ఊరు. అక్కడ చెక్కిన రాతి దేవతామూర్తులు ఇతర రాష్ట్రాలకూ విదేశాలకూ వెళతాయి. శిల్పి రాతిని పడుకోబెట్టి, అవసరమైతే దాని మీద కాలు మోపి ఉలి ఆడిస్తాడు. పని పూర్తయ్యాక గడ్డిలో పొదిగి లారీ ఎక్కిస్తారు. బేరం కుదరకపోతే అది పాకలోనే నిలబడి ఉంటుంది. నైవేద్యం పెట్టేవారు లేరు, అపచారమనేవారూ లేరు. అదే రాయి గుడికి చేరి, నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ జరిగాక శిల్పి కూడా దానికి దూరంగా నిలబడి చేతులు జోడిస్తాడు. అంటే ఆగమశాస్త్రం దృష్టిలో రాయికీ అర్చామూర్తికీ మధ్య ఒక సరిహద్దు ఉన్నది. ‘రాయికి మొక్కుతున్నారు’ అనే వాదం ఆ సరిహద్దును చూడకుండా చేసే వాదం. అవతలివాడు చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు, ఎందుకంటే ఆ మాట తనకు తగలలేదు.

ఇంకా ఉన్నది. ఆ పనివారి చేతిలోనే నాయకుల విగ్రహాలూ తయారవుతాయి. నాలుగు రోడ్ల కూడలిలోని గాంధీ విగ్రహమూ తెలుగులో విగ్రహమే. ఇక అహోబిలం వెళితే, ఎగువ అహోబిలంలోని నరసింహుణ్ణి ఎవరూ చెక్కలేదని, స్వయంభువని అంటారు. చెక్కి ప్రతిష్ఠించినది, చెక్కకుండా వెలసినది, జ్ఞాపకార్థం నిలిపినది అనే మూడు వేరువేరు వస్తువులను ఒకే మాటతో పిలిచి, ఆ మాటకు ‘సనమ్’ అని అర్థం రాస్తే పట్టిక ఏమి చెప్పినట్లు?

విచిత్రమేమంటే, ఈ విషయంలో దివ్య ఖుర్ఆన్ పదజాలం మన పట్టికల కంటె ఎంతో సూక్ష్మమైనది. అన్ఆమ్ సూరాలో ‘అస్నామ్’, హజ్ సూరాలో ‘ఔసాన్’, మాయిదా సూరాలో నిలబెట్టిన బలిరాళ్ళకు ‘అన్సాబ్’, అంబియా సూరాలో ‘తమాసీల్’ అనే మాటలు కనిపిస్తాయి. ఈ తమాసీల్ అనే మాటే సబా సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) కోసం జిన్నులు తయారుచేసిన రూపాల విషయంలో, ఖండన లేకుండా వచ్చింది. వ్యాఖ్యాతలు దీని మీద ఎంతో చర్చించారు. తెలుగులో వీటన్నిటికీ సాధారణంగా ‘విగ్రహం’ ఒక్కటే దిక్కయింది. మన గ్రంథంలోని తేడాలను మన అనువాదంలోనే చెరిపివేసుకుని, ఎదుటివారి గ్రంథంలోని తేడాలను గుర్తించమంటే కళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? తౌహీద్ దృష్ట్యా ప్రతిష్ఠించిన మూర్తిని పూజించడం అంగీకారం కాదన్నది వేరే మాట, దానిలో తర్జనభర్జన లేదు. కాదనేటప్పుడు దేన్ని కాదంటున్నామో తెలిసి ఉండాలన్నదే ఇక్కడి ప్రసక్తి.

అవతారం వద్ద కూడా ఇంతే. ‘దేవుడు స్త్రీ గర్భాన పుట్టడమేమిటి?’ అన్నది కరపత్రాలలో అరిగిపోయిన ప్రశ్న. రాముడు, కృష్ణుల విషయంలో దానికి కొంత పదును ఉండవచ్చు. అహోబిలంలో మాత్రం అది పనిచేయదు. నరసింహునికి తల్లి లేదు, తండ్రి లేడు, బాల్యం లేదు. ఆయన స్తంభంలో నుంచి వచ్చాడంటారు. ఆ స్తంభమే ఇదని యాత్రికులు కొండ మీది ఉక్కు స్తంభం దాకా ఎక్కి వెళతారు. అవతారం అంటే దిగిరావడం, పుట్టడం కాదు. శ్రీవైష్ణవులు పాంచరాత్రాన్ని అనుసరించి భగవంతుని పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అనే అయిదు స్థితులు చెబుతారు. స్తంభోద్భవం విభవం, గుడిలోని మూర్తి అర్చ. అహోబిల మఠాధిపతులు మాలోల నరసింహుని ఉత్సవమూర్తిని వెంటబెట్టుకుని ఊరూరా సంచరించడం వెనుక ఉన్నది ఈ అర్చ సిద్ధాంతమే. పట్టికలో దీనికి గడి లేదు. మరోవైపు సామరస్యం కోరే కొందరు హైందవ రచయితలు దైవప్రవక్త (స)ను కూడా ఒక అవతారమంటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని రసూల్ పంపబడినవాడు, దిగివచ్చినవాడు కాడు. ఆ ఒక్క క్రియను మార్చితే రిసాలత్ భావనే కూలిపోతుంది.

ఇక అన్నిటి కంటె ఆకర్షణీయమైన సమీకరణం, ప్రపత్తి అంటే ఇస్లాం అన్నది. రెండింటికీ శరణాగతి అని అర్థం చెప్పవచ్చు గనుక చాలామంది విజ్ఞులు కూడా దీనికి లోబడ్డారు. అహోబిల మఠం వడగలై సంప్రదాయానికి చెందినది. 1398లో ఆదివన్ శఠకోపయతితో ప్రారంభమైనదని మఠ సంప్రదాయం. వేదాంత దేశికులను అనుసరించే ఈ సంప్రదాయంలో ప్రపత్తి అంటే ఊరికే లొంగిపోవడం కాదు. దానికి ఆనుకూల్య సంకల్పం, ప్రాతికూల్య వర్జనం, మహావిశ్వాసం, గోప్తృత్వ వరణం, కార్పణ్యం అనే అయిదు అంగాలున్నాయి. ఆచార్యుని ద్వారా జీవితంలో ఒక్కసారి జరిగే క్రియ అది. దాన్ని భరన్యాసం అని కూడా అంటారు. తనను రక్షించుకునే భారాన్ని భగవంతుని మీద దించివేయడం. తెంగలైవారు జీవుణ్ణి తల్లి నోట కరచుకుపోయే పిల్లికూనతో పోలిస్తే, వడగలైవారు తల్లిని తానే పట్టుకుని ఉండే కోతిపిల్లతో పోలుస్తారు. ఈ తగవు శతాబ్దాల నాటిది. పట్టిక ఈ తగవునే ఎరుగదు.

ఇస్లాంలో దిశ దాదాపు వేరు. అహ్జాబ్ సూరాలో ఆకాశాలు, భూమి, పర్వతాలు మోయడానికి జంకిన అమానత్‌ను మానవుడు మోశాడని ఉన్నది. అక్కడ బరువు దించడం లేదు, ఎత్తుకోవడం ఉన్నది. మధ్యలో ఆచార్యుడు లేడు. ఒక్కసారితో తీరేదీ కాదు, రోజుకు అయిదుసార్లు గుర్తుచేసుకోవలసినది. తవక్కుల్‌ను ప్రపత్తి పక్కన పెట్టి పరిశీలిస్తే కొంత ఫలితం ఉండవచ్చు. ఇస్లాంను పెడితే రెండు మాటలూ పలుచనవుతాయి.

ఈ పనికి మనకు పూర్వుల నుంచి రెండు దారులు సంక్రమించాయి. 1030 ప్రాంతంలో ‘కితాబుల్ హింద్’ రచించిన అల్‌బిరూనీ సంస్కృత పదాలను అరబీ లిపిలో అలాగే ఉంచి, వివరణ పక్కన ఇచ్చాడు. తనకు నచ్చని విషయాన్ని కూడా వారు చెప్పుకునే తీరులోనే నమోదు చేశాడు. విగ్రహాల గురించి పామరులు అనుకునేది వేరు, పండితులు అనుకునేది వేరని గుర్తించాడు. దారా షికోహ్ 1655లో ‘మజ్మఉల్ బహ్రైన్’ రాస్తూ పదానికి పదం జతచేశాడు: ఆత్మకు రూహ్, బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులకు జిబ్రయీల్, మీకాయీల్, ఇస్రాఫీల్. ఆయన సహృదయతను శంకించనక్కరలేదు, 1657 నాటి ‘సిర్రె అక్బర్’ ద్వారానే ఉపనిషత్తులు ఐరోపాకు చేరాయి. అయినా పరిశోధకునిగా బిరూనీ దారే దృఢమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దారా జతలలో విష్ణువూ కనబడడు, మీకాయీలూ కనబడడు. దారా మాత్రమే కనబడతాడు. మన పట్టికలు తెలియకుండానే ఆయన వారసులు; ఆయన పాండిత్యం మాత్రం వారసత్వంలో రాలేదు.

పదాల పొరపాటు చరిత్రను కూడా తాకుతుంది. 1579 ప్రాంతంలో గోలకొండ సేనలు అహోబిలాన్ని పట్టుకున్నాయి. దీన్ని ‘హిందువుల మీద ముస్లిముల దాడి’ అని ఒకరంటారు, దాని ప్రస్తావనే లేకుండా మరొకరు దాటవేస్తారు. ఆ సేనాని మురహరిరావు బ్రాహ్మణుడు. హండె నాయకులు గోలకొండకు తోడు నిలిచారు. కొన్నేళ్ళకు జియ్యరుగారి విన్నపం మీద విజయనగర ప్రభువు శ్రీరంగరాయల తరఫున కొండ్రాజు సోదరులు ఆ స్థలాన్ని విడిపించారని 1584-85 నాటి శాసనం తెలుపుతున్నది. గుడి దోపిడి దోపిడియే, దానికి సాకు వెదకనక్కరలేదు. ఆ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాయే మల్కిభరాముడుగా అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అంకితం పుచ్చుకున్నాడు. ఆ కాలపు తెలుగు శాసనాలలో ముస్లిములు చాలాచోట్ల తురుష్కులు, యవనులు, అవి జాతివాచకాలు. వాటికి పట్టిక ‘ముస్లిం’ అని అర్థం చెప్పి ముగిస్తుంది.

ఇన్ని పట్టికలలో వెదికినా దొరకని మాట ఒకటున్నది: మొక్కు. శివరాత్రికి మహానంది గుండంలో మునిగేవారిని కదిపి చూడండి. ప్రపత్తి, వ్యూహం వారి నోట రావు. పిల్లకు జ్వరం తగ్గితే తలనీలాలిస్తామన్న మొక్కు వస్తుంది. పారువేట ఉత్సవంలో, కనుమ నాటి నుంచి నలభై రోజులకు పైగా అహోబిల స్వామి పల్లకి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెలు తిరుగుతున్నప్పుడు, అడుగడుగునా దాని ముందుకు వచ్చేదీ మొక్కే. చెంచులకు ఆయన తమ ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్న బావ. బావతో ఉండే చనువుతోనే మొక్కుకుంటారు. ఇదే మాట దర్గాలోనూ వినబడుతుంది. అక్కడ చదివింపులు చేయించే కుటుంబాలలో రెండు మతాలవారూ ఉంటారు. ఓబులేసు, దస్తగిరమ్మ అనే పేర్లు ఒకే ఇంట ఉండడం ఆ సీమలో వింత కాదు. షరీఅత్‌లో ‘నజ్ర్’కు స్పష్టమైన నియమాలున్నాయి, అది అల్లాహ్‌కు మాత్రమే. ఈ మొక్కు ఆ నజ్ర్‌కు ఎంత దగ్గర, ఎంత దూరం, దర్గా వద్ద మొక్కేవాడు ఎవరిని ఉద్దేశించి మొక్కుతున్నాడు అన్నది నంద్యాల ముస్లిం ఇంటిలోనూ రోజూ లేచే ప్రశ్న. పట్టికలు తయారుచేసేవారు అవ్యక్తం, అపరోక్షానుభూతి వంటి మాటలకు పుటలు కేటాయించి, దీనికి ఒక్క పంక్తి కూడా ఇవ్వలేదు.