మిషెల్ దొరిన్యీ: నకలా, సృష్టా?

పెద్ద చిత్రకారుడి నీడలో పనిచేసినవాణ్ణి కళాచరిత్ర ఒక్క వాక్యంతో తేల్చివేస్తుంది. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు మిషెల్ దొరిన్యీ అలా తేలిపోయినవాడే. సిమోన్ వూయే శిష్యుడు, అల్లుడు, అనుకర్త, అంతే. ఈ తీర్పును నేను అంగీకరించలేను.

వూయే ఆస్థాన చిత్రకారుడు. రాజులకూ, మంత్రులకూ గోడలూ, కప్పులూ చిత్రించేవాడు. ఆ చిత్రాలను రాగిరేకులపై చెక్కి అచ్చుకెక్కించినవాడు దొరిన్యీ. పాలే రొయాల్‌లో ఆన్ రాణి స్నానమందిరపు అలంకారాలను 1647లో ఒక పుస్తకంగా చెక్కాడు. ఇది యాంత్రికమైన పని కాదు. రంగును గీతగా మార్చాలి. నీడ ఎక్కడ చిక్కబడాలో, వెలుగు కోసం కాగితాన్ని ఎక్కడ ఖాళీగా వదలాలో చెక్కేవాడే నిర్ణయించాలి. ఛాన్సలర్ సెగ్యే భవనంలో వూయే వేసిన చిత్రాలు నశించాయి. వాటిని గురించి నేడు మనకు తెలిసింది ముఖ్యంగా దొరిన్యీ రేకుల వల్లనే. గురువు కీర్తిలో కొంత భాగం శిష్యుడి శ్రమే మరి!

అయితే ఆయనను ప్రజాకళాకారుణ్ణి చేయబూనడం కూడా పొరపాటే. 1648 ఆగస్టులో పారిస్ వీధులకు జనం అడ్డుకట్టలు కట్టారు. వూయే కుమార్తెను దొరిన్యీ పెళ్ళాడిన సంవత్సరమూ అదే. ఆ తిరుగుబాటు ఆయన కప్పులమీదికి ఎక్కలేదు. వాన్సెన్ కోటలో రాచమందిరాలకు ఆయన వేసినవి మేఘాల్లో విహరించే దేవతలే. పోషించిన వర్గం కోరిన లోకం అది.

రాజ్యం ఈ పనివాణ్ణి ఎలా చూసిందో కూడా గమనించాలి. 1660లో రాజశాసనం చెక్కుడు పనిని వృత్తిసంఘాల కట్టుబాట్ల నుంచి తప్పించి స్వేచ్ఛాకళగా ప్రకటించింది. దొరిన్యీ 1663లో రాజ అకాడమీలో చేరి, మరుసటి ఏడు ఆచార్యుడయ్యాడు. 1665లో, యాభై నిండకుండానే మరణించాడు. సంఘం పట్టు సడలిన చోట రాజు పట్టు బిగిసింది. గౌరవమూ, అదుపూ కలిసే వచ్చాయి.

ఆ అచ్చుబొమ్మల అడుగున లాటిన్‌లో చిన్న అక్షరాలుంటాయి: వూయే చిత్రించాడు, దొరిన్యీ చెక్కాడు, రాజానుమతితో. ప్రతిభ, శ్రమ, అధికారం మూడూ ఆ ఒక్క పంక్తిలో ఉన్నాయి. మొదటి పేరు చదివి ఆగిపోయేది పాత విమర్శ. మూడింటినీ చదవడమే మన విమర్శ చేయవలసిన పని.