పండగ రాత్రి కాపలా ఎవరిది?

ఫౌజులో పండగ దగ్గర పడుతోందంటే ముందు తేలాల్సింది పిండివంటల సంగతి కాదు, ఆ రాత్రి సంతరీ డ్యూటీ ఎవరిదన్నది. దీపావళైనా రంజానైనా పోస్టు ఖాళీగా ఉండకూడదు. మద్రాస్ సాపర్లలో నేనున్నన్నాళ్లూ మా టోలీలో ఒక పద్ధతి నడిచింది. ఎవరి పండగైతే వాళ్లకి ఆ రాత్రి కాపలా తప్పించేవాళ్లం. మిగతావాళ్లు అడిగించుకోకుండానే పేరు రాయించుకునేవారు. క్రిస్మస్ రాత్రి మలయాళీ క్రైస్తవ కుర్రాళ్లు పాటలు పాడుకుంటుంటే మేం తెలుగువాళ్లం మంచులో నిలబడేవాళ్లం. మా సంక్రాంతికి వాళ్లు నిలబడేవారు.

జవానుకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అందరినీ ఒకేసారి ఇంటికి పంపలేరు కదా. ఈ ఏడు దసరాకి వెళ్లొచ్చినవాడికి సంక్రాంతికి దొరకదు. గోదావరి జిల్లాల వాడికి సంక్రాంతి తప్పిపోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్లలో పండగ పూట ఖాళీగా ఉండే పీట తరాలుగా తెలిసిందే.

లదాఖ్‌లో ఒక సంక్రాంతి చెబుతాను. మా టోలీ ఒక పంజాబీ పల్టన్ పక్కన ఉంది. వాళ్ల లోహ్రీ జనవరి 13 రాత్రి. ఆ ఏడు మన పండగ 15న పడింది కాబట్టి భోగి 14 తెల్లవారుజామున. అక్కడ చెట్టన్నది కనిపించదు, పుల్ల దొరకడమే గగనం. రేషన్ పెట్టెల చెక్కలు నెలల తరబడి దాచి వాళ్లు మంట వేశారు. వేరుశనక్కాయలూ రేవడీలూ అందులో వేసి ఆడారు, పాడారు. మాకూ భోగి ఉందని తెలిసి ఆ మంట ఆరనివ్వలేదు. దాచిన చెక్కల్లో సగం తీసి పక్కన పెట్టి, వంతులవారీగా రాత్రంతా కూర్చున్నారు. నాలుగింటికి ఒక హవల్దారు వచ్చి, "తంబీ, ఉఠో, తేరీ భోగీ" అని లేపాడు. మద్రాస్ సాపర్లని ఫౌజంతా తంబీలనే అంటుంది. పిడకల దండలు లేవు, హరిదాసు లేడు. నిప్పు మాత్రం ఉంది.

మర్నాడు పరమాన్నం. అంత ఎత్తున నీళ్లు 85 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకు దిగదు. ప్రెషర్ కుక్కరే గతి. సెలవు నుంచి వచ్చేటప్పుడు అమ్మ నా ట్రంకుపెట్టెలో కొత్త బియ్యం మూట పెట్టింది. లంగర్‌లో వంట చేసే తమిళతను తనకీ అది పొంగలే అని పెసరపప్పు పట్టుకుని వచ్చాడు. అంతా సిద్ధమయ్యాక మరో చిక్కు. మూత బిగించిన కుక్కర్లో పాలు పొంగడం కనిపించదు, పొంగకపోతే పండగెలా అవుతుంది? చివరికి పొడి కలిపిన పాలు మెస్ టిన్‌లో పోసి, స్టవ్ మీద పెట్టి, అంచు దాటి పొంగేదాకా అందరం చుట్టూ నిలబడ్డాం. మా ఊళ్లో ఇవన్నీ అమ్మా పిన్నీ చేసేస్తే నేను లేచి తిన్నవాణ్ణి. పండగ వెనక ఎంత పని ఉంటుందో నాకు తెలిసింది అక్కడే.

జనవరి 15 ఆర్మీ డే కూడా. 1949లో ఆ రోజునే కరియప్ప తొలి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్‌గా బాధ్యతలు తీసుకున్నారు. అందువల్ల ఆ పూట మాకు బడాఖానా కూడా కలిసొచ్చింది. బడాఖానాలో హోదాల పట్టింపు లేకుండా అందరూ కలిసి తింటారు, అధికారులే గరిటె పట్టుకుని జవాన్లకు వడ్డిస్తారు. బ్రిటిష్ సైన్యంలోనూ క్రిస్మస్ భోజనం అధికారులే వడ్డించే ఆచారం ఉంది. మా సీఓ సాబ్ నా పళ్లెంలో కూర వేస్తూ ఏ ఊరని అడిగారు. ధవళేశ్వరం అనగానే, "కాటన్ ఆనకట్ట ఊరా!" అని ఆగిపోయారు. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ మద్రాస్ ఇంజనీర్ల అధికారే మరి, సాపర్లు ఆయన్ని తమవాడనుకుంటారు. నా వెనక వరస ఆగిపోయినా ఆయన బ్యారేజీ గురించి అడుగుతూనే ఉన్నారు. ఆ పూట నాకు సొంత ఊళ్లో ఉన్నంత సంతోషమేసింది. అయినా ఏది పెద్దదని అడిగితే నేను బడాఖానా పేరు చెప్పను. నా బదులు తెల్లవార్లూ మంచులో నిలబడ్డ మనిషి పేరు చెబుతాను.

మీ ఇంటి కుర్రాడు సెలవు ముగించుకుని పోస్టుకి బయల్దేరుతుంటే ఒక మాట గుర్తుంచుకోండి. మన ధవళేశ్వరం నుంచి బ్యారేజీ దాటితే ఆత్రేయపురం. పూతరేకులు కొనండి గానీ అట్టపెట్టెతో వదిలేయకండి, రైళ్లలో ట్రక్కుల్లో పొడైపోతాయి. గట్టి రేకు డబ్బాలో ఖాళీ లేకుండా సర్దండి. అరిసెలు, సున్నుండలు పాడవకుండా చేరతాయి. ఒక్కడికి సరిపడా మాత్రం కట్టకండి. అక్కడ డబ్బా మూత తీసేది టోలీ అందరి మధ్యా, పైగా కాపలాలో ఉన్నవాడి వాటా ముందే తీసి పక్కన పెడతారు.