ప్రబంధములలోని మృగయావర్ణనము – ఒక పరిశీలనము

వన్యప్రాణి సంరక్షణమును గూర్చి యిటీవల వెలువడుచున్న వ్యాసములలో ఒక మాట తఱచుగ కనబడుచున్నది. మన ప్రాచీన సాహిత్యము మృగములయెడ దయనే బోధించినదనియు, వేట మన సంస్కృతికి పరాయిదనియు దాని సారాంశము. ఈ మాటను పరీక్షింపక అంగీకరించుట పరిశోధకులకు తగదు. ప్రబంధములను చదివినవారికి అందు వేట యెంత ఉత్సాహముతో వర్ణింపబడినదో తెలియును. వలలు, ఉరులు, జాగిలములు, వేటకాండ్ర కేకలు, నేలగూలిన పందులు – వీనిని మన కవులు సంకోచముతో వ్రాయలేదు, రుచిగొని వ్రాసిరి. దయకు సాక్ష్యము వెదకువారు ముందుగా ఈ రుచిని ఒప్పుకొనవలెను.

అట్లని వేటవర్ణనము అష్టాదశవర్ణనలలో నొక తప్పనిసరి తంతు అని త్రోసిపుచ్చువారితోను మేము ఏకీభవింపజాలము. దండి కావ్యాదర్శమున పేర్కొన్న పదునెనిమిదింట మృగయ లేనే లేదు. ఉద్యానవిహారము కలదు, జలక్రీడ కలదు, మధుపానము కలదు; వేట లేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణమున మాత్రము మృగయ చేరినది. కావున దండి పట్టికను పూరించుటకే తెలుగుకవి అడవికి పోయెననుట చెల్లదు. ఆ వేట కథలో ఏమి పని చేయుచున్నదో చూడవలెను.

మనుచరిత్రమును తీసికొందము. వరూధినీప్రవరుల ఘట్టముతో పుస్తకమును మూసివేయుట మన తరగతులలో పరిపాటియైనది. ఆ తొందరలో మనము పోగొట్టుకొనునది స్వరోచి కథ. స్వరోచి వేటకు వచ్చిన అడవిలోనే మనోరమ శరణుజొచ్చినది. తరువాత విభావరివలన అతడు సర్వప్రాణుల భాష నెఱిగెను. వేటకానికి ఇంతకంటె ఇబ్బందికరమైన విద్య వేఱొకటి యుండునా? మృగముల మాటలు తెలిసినవాడు వానినోట తన భోగలాలసత్వమునకు నిందనే వినవలసివచ్చినది. కడపట అతని వింటి యెదుటికి ఒక లేడి వచ్చును. అది వనదేవత. స్వారోచిషమనువు ఆమె కడుపుననే పుట్టెను. కావ్యమునకు పేరిచ్చిన మనువు, మానవులకు ధర్మము చెప్పవలసినవాడు, విడువని బాణమునకు ఫలమైనాడు. ఈ కథ మార్కండేయపురాణమునుండి వచ్చినదే కాని పెద్దన సొంత కల్పన కాదు. కనుక దీనిని పెద్దన జీవకారుణ్యమునకు నిదర్శనముగ చూపుట పొరపాటు. అయినను, వేటవర్ణనమును అంత దట్టముగ నింపిన కావ్యము, తన ప్రధానప్రయోజనమును వేట ఆగినచోట నిలిపినదన్న విషయము మఱువరానిది. ముందున్న ఉత్సాహము లేనిచో ఆ ఆగుటకు బరువు లేదు.

ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమునందలి వేట దీనికి పూర్తిగ భిన్నము. తిన్నడు వినోదమునకై వేటాడు రాజు కాడు. వేట వాని కులవృత్తి, వాని కూడు. వాడు శివునకు అర్పించినదియు ఆ కూడే: కాల్చి, రుచి చూచి, మంచిదని తోచిన పందిమాంసము. అడవిలో ఒంటరిగ నున్న లింగమును జూచి వాడు పడిన దిగులు, మా యూరికి రమ్మని చేసిన బతిమాలింపు – వీనిలో అడవి యననేమో తెలిసినవాని భయము కలదు. ఇట్టి భయము స్వరోచికి లేదు. సాలెపురుగు, పాము, ఏనుగు తమ పేర్లను క్షేత్రమునకిచ్చిన చోటనే బోయవాని వేటయు పూజగ నిలిచినది. ధూర్జటి ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు ప్రయాసపడలేదు. అది ఆయన గొప్పదనమని మా అభిప్రాయము.

వేట అను ఒక్క మాట రెండు వేఱు వస్తువులను మోయుచున్నదన్నమాట. రాజుల వేటను ఖండించుట మనకు క్రొత్త కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలపై నున్న అశోకుని ధర్మలిపులలో, పూర్వపురాజులు వేట మొదలగు వినోదములకై చేయు విహారయాత్రలను మాని తాను ధర్మయాత్రలను చేపట్టినట్లు ఆ చక్రవర్తి చెప్పుకొన్నాడు. తన వంటశాలలో చంపబడు ప్రాణుల సంఖ్య రెండు నెమళ్లకు, ఒక లేడికి తగ్గినదనియు, అదియు ఇకమీద ఉండదనియు మఱొక లిపి తెలుపుచున్నది. తన పళ్లెమునుండి ఆరంభించిన ఈ నిజాయితీ మెచ్చదగినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ముందు స్వరోచియు తిన్నడును ఒక్కటే. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదివాసుల అనేక హక్కులను గుర్తించియు, సంప్రదాయసిద్ధమైన వేటహక్కును స్పష్టముగ మినహాయించినది. పులులు క్షీణించిన కాలమున ఈ కట్టుబాటు అవసరమని మేమును అంగీకరింతుము. కాని నష్టము ఇరువురకును సమానము కాదు. ఒకడు వినోదమును విడిచెను. రెండవవాడు తన అన్నమును, దానితోపాటు ఒక విద్యను విడువవలసివచ్చెను.

ఆ విద్య యేమైనదని అడుగవలసియున్నది. అహోబిలమున నరసింహస్వామి చెంచుల అల్లుడు. సంక్రాంతి మఱునాడు మొదలగు పారువేటలో స్వామి పల్లకి 30కి పైగా గ్రామములు తిరుగును. వేట పేరు నిలిచినది, చంపుట లేదు. ఆ నల్లమల అడవులే 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలోనికి వచ్చినవి. చెంచులలో కొందఱు నేడు అచట పులుల జాడలు కనిపెట్టు ఉద్యోగములలో నున్నారు. మృగయా శబ్దమునకు మూలమైన మృగ్ ధాతువునకు వెదకుట యని యర్థము. చెంచులకు ఆ యర్థము మిగిలినది. అడుగుజాడలకు, పెంటికలకు, అరపులకు వారివద్ద నున్న మాటలను, ప్రబంధకవులు వాడిన వేటపదములతో సరిపోల్చి చూడదగును. ఈ పనికై గూడెములకు పోవు విద్యార్థి నిఘంటువుతోపాటు తిన్నని కథను గూడ చేత గొనిపోవుట మంచిది.