దారి పెరిగితే అడ్డు తరుగుతుంది

230 వోల్టుల మీద వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె నడుస్తోందనుకుందాం. దాని నిరోధం సుమారు 53 ఓమ్‌లు. అదే లైను మీద పక్క గదిలో వంద వాట్ల పాతకాలపు బల్బు వేశాం. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు, పెట్టెకు పదింతలు. అంత మొండిదాన్ని తెచ్చి కలిపితే మొత్తం నిరోధం పెరగాలి కదా? పెరగదు, 48కి దిగుతుంది. ఎంత ఇరుకుదైనా కొత్త దారి దారే మరి. శ్రేణి సంధానంలో నిరోధాలు నేరుగా కూడుకుంటాయి, అందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. సమాంతర సంధానంలో కూడుకునేవి నిరోధాల వ్యుత్క్రమాలు. పదో తరగతిలో మనమంతా విసుక్కుంటూ చేసిన ఆ భిన్నాల లెక్కలోనే ఉంది అందమంతా.

పెట్టెకూ బల్బుకూ అందే వోల్టేజి ఒక్కటే. ఎవరి నిరోధాన్ని బట్టి వారు కరెంటు తీసుకుంటారు: పెట్టె 4.35 ఆంపియర్లు, బల్బు 0.43. ఒకటి ఆపేసినా రెండోదానికి ఆ సంగతే తెలియదు. ఇక వంద వాట్ల బల్బునూ నలభై వాట్ల బల్బునూ పక్కపక్కన పెట్టి చూడండి. సమాంతరంగా కలిపితే వందది కాంతిమంతంగా వెలుగుతుంది. అవే రెండింటినీ శ్రేణిలో కలిపితే నలభైది దాన్ని మించిపోతుంది. పాత్రలు మారలేదు, వాటి గుణం మారలేదు. కథనం మారేసరికి నాయకుడు మారిపోయాడు. ఏ నాటకకర్తకైనా అసూయ పుట్టించే మలుపు ఇది!

అంతకంటే లోతైన సౌందర్యం కరెంటు పంచుకునే తీరులో ఉంది. 1 ఓమ్, 2 ఓమ్‌ల దారులు రెండు. కూడలికి 3 ఆంపియర్లు వచ్చాయి. 1 ఓమ్ దారిన 2 ఆంపియర్లు, 2 ఓమ్‌ల దారిన 1 ఆంపియరు వెళతాయి. పుట్టే వేడి 6 వాట్లు. చెరిసగం పంచి ఉంటే 6.75 వాట్లు అయ్యేది, అంతా సులువైన దారినే పోయి ఉంటే 9. కరెంటు ఎప్పుడూ తక్కువ నిరోధం ఉన్న దారినే పోతుందని జనం అంటుంటారు. పాపం, అది కరెంటును తక్కువ చేయడమే. అది అన్ని దారుల్లోనూ, అతి తక్కువ వేడి పుట్టే పాళ్లలోనే పోతుంది. కూడలికి వచ్చినదంతా బయటికి పోవాలని, వలయం చుట్టి వస్తే వోల్టేజి లెక్క సరిపోవాలని కిర్కాఫ్ 1845లో కోనిగ్స్‌బర్గ్‌లో విద్యార్థిగా ఉండగానే రెండు నియమాలు చెప్పాడు. ఈ కనిష్ఠ ఉష్ణ సూత్రాన్ని మాక్స్‌వెల్ 1873 నాటి తన ఉద్గ్రంథంలో నిరూపించాడు. ముందుచూపు లేని ఎలక్ట్రాన్లకు ఈ పొదుపు ఎలా అబ్బిందో గణితం చూపిస్తుంది. చూపించాక కూడా నా విస్మయం తగ్గలేదు.

ఎడిసన్ గొప్పతనం ఈ పొందికను వీధిలోకి తేవడంలో ఉందని నా అభిప్రాయం. ఆనాటి వీధుల ఆర్క్ దీపాలు శ్రేణిలో ఉండేవి. ఇంటింటి దీపాలను సమాంతరంగా కలిపితే మొత్తం కరెంటు పెరుగుతుంది, రాగి తీగలు లావెక్కుతాయి. అందుకే ఆయన సన్నని, నిరోధం ఎక్కువున్న కర్బన తంతువును వెతికాడు. ఒక దీపం లాగే కరెంటు పదో వంతుకు తగ్గిందంటే, అంతే నష్టానికి నూరో వంతు అడ్డుకోత వైశాల్యమున్న తీగ చాలు. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం 110 వోల్టులతో మొదలైంది.

కానీ తీగకూ కొంత నిరోధం ఉంటుంది. మోటారు వేసిన క్షణాన బల్బు రెప్ప వేయడం అందుకే. నిజమైన లైను అంటే కాస్త తీగ, ఒక లోడు, మళ్లీ కాస్త తీగ, మరో లోడు. తీగలు శ్రేణిలో, లోడ్లు సమాంతరంగా అమరిన నిచ్చెన అన్నమాట. లెక్క కోసం ప్రతిదీ 1 ఓమ్ అనుకుందాం. ఒక మెట్టున్న నిచ్చెన నిరోధం 2. రెండు మెట్లకు 5/3. మూడింటికి 13/8. నాలుగింటికి 34/21.

పద్యం తెలిసిన వారికి ఈ అంకెలు పాత చుట్టాలే. నాలుగు మాత్రలను లఘుగురువులతో ఎన్ని విధాల నింపగలం? గగ, భ, జ, స, నల. ఐదు. కందానికి అనుమతి ఉన్న గణాలు సరిగ్గా ఇవే. మూడు మాత్రలకు మూడు విధాలు, ఐదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. ఫిబొనాచ్చి 1202లో తన పుస్తకం రాయడానికి ముందే విరహాంకుడు, హేమచంద్రుడు ఛందస్సు కోసం లెక్కించిన వరుస ఇది. రెండు మెట్ల నిచ్చెన నిరోధంలో 5 అనేది కందగణాల సంఖ్య, 3 అనేది త్రిమాత్రా గణాల సంఖ్య. మూడు మెట్లకు అదే పోలిక ఆరు మాత్రలకూ ఐదింటికీ, నాలుగు మెట్లకు ఎనిమిదింటికీ ఏడింటికీ. కారణం నిగూఢమేమీ కాదు. రెండు చోట్లా వెనకటి రెండు అంకెలను కలిపితేనే తర్వాతిది వస్తుంది. తీగ చేర్చడం ఒక కూడిక, లోడు చేర్చడం తలకిందులుగా మరో కూడిక.

మెట్లు అనంతమైతే ముందు ఇంకొకటి తగిలించినా నిరోధం మారదు. ఆ ఒక్క షరతు చాలు, జవాబు తేలిపోతుంది: తన వర్గం తనకంటే సరిగ్గా ఒకటి ఎక్కువుండే సంఖ్య, 1.618. నాలుగో మెట్టు దగ్గరే విలువ 1.619. మిగిలిన అనంతమైన మెట్లన్నీ కలిసి మూడో దశాంశ స్థానంలో ఒక్క అంకెను తగ్గిస్తాయి.