చెప్పుకుంటే చాలదా?

డెబ్భై దాటినవారు నోటుపుస్తకం తెప్పించుకుని జీవితకథ రాయడం మొదలుపెడితే ఇంట్లోవాళ్లకు తోచే కారణాలు రెండు: పొద్దుపోక, లేదా పేరు మీద మోజు. కాస్త మర్యాదస్తులు ‘మనవల కోసం’ అంటారు. మనవల కోసమే అయితే పక్కన కూర్చోబెట్టుకుని చెబితే సరిపోదూ? ఈ ప్రశ్న దగ్గరే అసలు సంగతి ఉంది. నోటితో చెప్పుకునే కథలు చెప్పీ చెప్పీ నున్నబడతాయి. ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ‘అయ్యో’ అంటారో చెప్పేవారికి ముందే తెలుసు. అలా నిండు జీవితం కాస్తా నాలుగైదు కథలకు కుదించుకుపోతుంది. వాటి మధ్య గడిచిన ఏళ్లను ఎవరూ అడగరు, వీరూ చెప్పరు. రాయబోతే ఆ ఏళ్లు ఎదురొస్తాయి. పెద్దవాళ్లు రాయడానికి పూనుకునేది వాటి లెక్క తమకు తాము తేల్చుకోవడానికేనని నా వాదన.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెననే తీసుకోండి. చెట్టు పట్టుకుని ప్రాణం దక్కించుకున్న కథ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. విన్నవాళ్లు నోరెళ్లబెడతారు, అక్కడితో అయిపోతుంది. అదే మనిషి కాగితం మీద పెట్టబోతే ‘మర్నాటి సంగతి’ అంటూ రెండో పేజీ అడ్డు తగులుతుంది. మొదటి గంజి ఎవరు పోశారు? ఉప్పునీళ్లు నిలిచిన పొలంలో మళ్లీ గింజ పండిందెప్పుడు? అప్పు ఇచ్చిందెవరు, ఇవ్వకుండా మొహం చాటేసిందెవరు? బతికి బయటపడటం ఒక్క రాత్రి పని. ఆ తర్వాత నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. మాటల్లో ఆ రాత్రే మిగులుతుంది. రాతలో ఆ ఏళ్లకూ చోటు దొరుకుతుంది.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వెలువడేనాటికి ఆమెకు తొంభై దాటాయి. లోకం ఆమెను ఎక్కువగా నక్సలైటు నాయకుడు కొండపల్లి సీతారామయ్య భార్యగానే ఎరుగును. బాల వితంతువు, పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం: ఇంతవరకూ సభల్లో చెప్పుకోదగ్గ కథే. భర్త విడిచి వెళ్లాక నడివయసులో మెట్రిక్ చదవడం, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేయడం, కొడుకునూ కూతురినీ పోగొట్టుకుని కూడా బతకడం ఏ ఉద్యమ చరిత్రలోనూ పట్టే సంగతులు కావు. వాటిని ఆమే రాసుకోవలసి వచ్చింది. ఆ పుస్తకంతో ఆమె కథ ఇంకొకరి కథలో ఒక అధ్యాయంగా మిగిలిపోకుండా నిలబడింది.

ముసలితనంలో పాతరోజుల్ని తవ్వుకోవడం మతి చెదురుతున్న గుర్తని ఒకప్పుడు వైద్యులే అనుకునేవారు. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ఆ మాటను కాదన్నారు. చావు దగ్గరపడుతోందని తెలిసిన మనసు గడిచినదాన్ని తిరిగి తూకం వేసుకోవడం సహజమేనన్నారు. అందరికీ అది శాంతినే ఇస్తుందని మాత్రం ఆయన అనలేదు. కొందరిని పశ్చాత్తాపంలోకి, దిగులులోకి నెట్టవచ్చని కూడా హెచ్చరించారు. కనుక ‘రాస్తే మనసు తేలికవుతుంది’ అని ఎవరినీ బలవంతపెట్టకూడదు. రాయనన్నవారి మౌనానికీ విలువ ఇవ్వాలి.

జ్ఞాపకం నమ్మదగినది కాదన్న ఆక్షేపణ నిజమే. ఏళ్లు తారుమారవుతాయి, ఒకరన్న మాట ఇంకొకరి నోట పెడతాం. అయితే తేదీలు సరిచూసుకోవడానికి వేరే ఆధారాలుంటాయి. ఆ రోజు ఆ మనిషికి ఏమనిపించిందో చెప్పే ఆధారం మాత్రం ఇంకెక్కడా దొరకదు. ఆత్మస్తుతి అంటారా, అది నోటిమాటలోనూ ఉంటుంది. కాగితం మీద ఉంటే పట్టుకోవడం ఇంకా తేలిక. ఇక ‘ఎవరు చదువుతారు?’ అన్న ప్రశ్న. ఈస్టిండియా కంపెనీ హయాంలో మద్రాసు పెద్దకోర్టు అయిన సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1839లో పోయారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవితకథ అచ్చయింది 1873లో. కంపెనీ రోజుల్లో ఒక తెలుగు కుర్రాడు ఇంగ్లీషు నేర్చి కొలువుల్లో ఎలా పైకొచ్చాడో తెలుసుకోవాలంటే ఇవాళ ఆ పుస్తకం తెరవాల్సిందే. ఎవరికి పనికొస్తుందో రాసేవారికి తెలియనక్కర్లేదు.

ఇంట్లో పెద్దవారి చేత రాయించాలనుకునేవారు ‘మీ జీవితమంతా రాయండి’ అనడం మానాలి. అలా అడిగితే మళ్లీ ఆ నాలుగైదు కథలే వస్తాయి. పెళ్లి గురించి అడగకుండా, పెళ్లయిన మూడో ఏడు ఏ ఇంట్లో ఉన్నారో, అద్దె ఎంతో, నెలాఖరు ఎలా గడిచేదో రాయమనండి. జవాబు వెంటనే రాకపోతే అడగవలసిన ఏడాదినే అడిగారన్నమాట.